ఏ పాట, ఎక్కడ, ఎవరి గొంతుకి

ప్రశ్న: కోస్తాలో ఓ చిన్న పట్టణం, పాత సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం మాది. ముప్పై ఏళ్లు క్వయర్ (గుడి పాటల బృందం) నడిపిన మాస్టారు మొన్న డిసెంబరులో ఇక నావల్ల కాదన్నారు. నేను పియానో గ్రేడు పరీక్షలు రాశానని కమిటీ ఆ బాధ్యత నాకు అప్పగించింది. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. క్వయర్‌లో పద్నాలుగు మందిమి: ఆడవాళ్లలో పై గొంతు సొప్రానోలు ఆరుగురు, కింది గొంతు ఆల్టోలు నలుగురు, మగవాళ్లలో పై గొంతు టెనర్లు ఇద్దరు, కింది గొంతు బేసులు ఇద్దరు. నొటేషన్ చదవగలిగేది ముగ్గురే. మిషనరీల కాలం నాటి, కాళ్లతో తొక్కే ఆర్గన్ ఒకటుంది, కీబోర్డు ఒకటుంది. పెద్దలు కీర్తనలే పాడమంటారు. యూత్ కొత్త పాటలు కావాలంటారు. క్వయర్ వాళ్లు ఈస్టరుకి మళ్లీ హల్లెలూయా కోరస్ అంటున్నారు. కిందటేడు అది మధ్యలో ఆగిపోతే మొదటినుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది. నేను శనివారం రాత్రి కూర్చుని మర్నాటికి పాటలు ఎంచుతున్నాను. అసలు ఎలా ఎంచాలి? ఆరాధనకి ముందూ తర్వాతా ఆర్గన్ మీద ఏం వాయించాలి?

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది హల్లెలూయా కోరస్ సంగతి కాదు, శనివారం రాత్రి పాటలు ఎంచుతున్నానన్న మాట. ఆర్గన్ ముందు కూర్చున్న మొదటి ఎనిమిదేళ్లు నేనూ అదే పని చేశాను. రాత్రి పదింటికి పుస్తకం తెరిస్తే చెయ్యి తెలిసిన పేజీల మీదికే పోతుంది. ఒక ఏడాది చివర్లో, మా సంఘం ఆ ఏడంతా పాడిన పాటలు లెక్కేసి చూశాను. నలభై కూడా తేలలేదు. పుస్తకంలో చూస్తే వందలున్నాయి.

కాబట్టి మొదట తెరవాల్సింది పాటల పుస్తకం కాదు, సి.ఎస్.ఐ. ఆల్మనాక్. అందులో ప్రతి ఆదివారానికీ ఒక అంశం, చదవాల్సిన పాఠాలు ముందే ఇచ్చి ఉంటాయి. ఆరు వారాలవి ఒక కాగితం మీద రాసుకోండి. ప్రసంగం ఏ పాఠం మీదో పాస్టరు అయ్యగారిని అడగండి. ఏం చెప్పబోతున్నారో ఆయనకి అప్పటికి తేలకపోవచ్చు, ఏ పాఠమో తెలిస్తే మీకు చాలు. ఆ పాఠాలు ఇంట్లో ఒకసారి గొంతెత్తి చదవండి. తప్పిపోయిన కుమారుడి కథ వచ్చిన ఆదివారం, తిరిగి రావడం అన్నది ఏదో ఒక పాటలో వినపడాలి. మాటకి మాట కుదరాలని పట్టుబట్టక్కర్లేదు.

తర్వాత ఒక్కో పాట దగ్గరా నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది: ఆ నిమిషంలో జనం ఏం చేస్తుంటారు? లోపలికి వచ్చి నిలబడుతున్నారా, మోకరించి ఒప్పుకోలు చేస్తున్నారా, కానుక పట్టుకుని నడుస్తున్నారా, సంస్కారానికి వెళ్తున్నారా? వాళ్లు చేసే పనికి పాట తోడు నడవాలి. నేను ఎంచిన మంచి పాటలు చాలావరకు చెడింది పాట బాగోలేక కాదు, చోటు తప్పి.

ఒక్కటి చెబుతాను. ఒక సంస్కారపు ఆదివారం, జనం బల్ల దగ్గరికి వెళ్తుండగా క్వయర్ నాలుగు చరణాల పాట ఎత్తుకుంది. బాగానే నేర్చుకున్నాం, హుషారుగా పాడుతున్నాం. చివరి వరుస లేచి వెళ్లిపోయింది. అయ్యగారు గిన్నె మీద తెల్లగుడ్డ కప్పి మా వైపు తిరిగారు. మాకు ఇంకా చరణంన్నర మిగిలే ఉంది. బల్ల ముందరి కమ్మీ పట్టుకుని లేస్తున్న ఒక ముసలావిడ, పాటకి అనుగుణంగా నడవాలనుకుందో ఏమో, అడుగు తడబడి ఆగిపోయింది. ఆమె చెయ్యి ఆ కమ్మీ మీద వణకడం నాకు ఆర్గన్ దగ్గరికి కనపడింది. ఆ రోజునుంచి సంస్కారం వేళ ఏ వాక్యం చివరైనా ఆపేయగల సంగీతమే పెట్టుకుంటున్నాను. నెమ్మదైన కీర్తన, పల్లవి దగ్గర ముగించడానికి వీలున్నది. లేదంటే మాటల్లేకుండా ఆర్గన్ ఒక్కటే.

క్వయర్ తన సొంత పాట ఒకటి అక్కడ పాడాలనుకుంటే, అందరూ తీసుకోవడం అయ్యాక, జనం కూర్చుని మౌనంగా ఉన్నప్పుడు పాడండి. ఆ చోటికి మోజార్ట్ 1791లో రాసిన 'ఆవే వేరుమ్ కోర్పుస్' కంటే మంచిది నాకు తెలియదు. చూస్తే నలభై ఆరు బార్లే (తాళం గళ్లు). ఏ స్వరమూ గొంతు చించుకుని అందుకోవాల్సింది కాదు. అంతా మెల్లగా, లోగొంతుతో సాగుతుంది. లాటిన్ మాటలు కాబట్టి పాడేముందు ఎవరో ఒకరు వాటి అర్థం తెలుగులో చదవాలి: మరియకు పుట్టి, మనుషుల కోసం సిలువ మీద బలి అయిన నిజమైన శరీరం అని. అది చదవకుండా పాడితే జనానికి అది శ్రావ్యమైన శబ్దం మాత్రమే అవుతుంది. అపొస్తలుడు 'ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును' అన్నాడు కదా, ఆ రెండో సగం మన బాధ్యత.

ఇక హల్లెలూయా కోరస్. మీ వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కోరస్ ఉన్న హాండెల్ 'మెస్సయ్య' మొదటిసారి వినిపించింది 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, ఒక కచేరీ హాల్లో. ఆ కోరస్ వెనక ట్రంపెట్లు, డ్రమ్ములు ఉంటాయి. మధ్యలో 'ఆయన యుగయుగములు ఏలును' అన్న మాటలు వచ్చేచోట పార్టులు, అంటే ఒక్కో రకం గొంతు పాడే వరసలు, ఒకదాని వెనక ఒకటి ప్రవేశిస్తాయి. ముందు ఎత్తుకునేది బేసులు, తర్వాత టెనర్లు. అంటే మీ ఇద్దరు బేసులు మొత్తం కోరస్‌ని మోయాలి, వాళ్ల చేతిలోంచి మీ ఇద్దరు టెనర్లు అందుకోవాలి. కిందటేడు ఆగిపోయింది ఆ చుట్టుపక్కలే అయి ఉంటుందని నా ఊహ. అది మీ వాళ్ల చేతకానితనం కాదు. పద్నాలుగు మందికి, అందులో నలుగురే మగవాళ్లకి, కుట్టిన చొక్కా కాదది. పైగా ఆ నిమిషంలో సంఘం చేసే పని నిలబడి చూడటం ఒక్కటే. ఈస్టరు ఉదయం జనానికి పాడాలని ఉంటుంది.

హాండెలే కావాలంటే 'దైన్ బీ ద గ్లోరీ' తీసుకోండి. అది ఆయన 1740లలో జయించి వచ్చే వీరుణ్ని పొగిడే కోరస్ కోసం కట్టిన ట్యూను. దానికి ఈస్టరు మాటలు తర్వాత ఎప్పుడో వచ్చి చేరాయి. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి రెండో చరణానికల్లా సంఘం మొత్తం అందుకుంటుంది. మీ టెనర్లని బేసులతో కలిపి మగ గొంతులన్నీ ఒకే పార్టుగా పెట్టి, మూడు పార్టుల్లో పాడించండి. నలుగురు కలిస్తే అది నిలుస్తుంది. చివరి చరణం అందరూ ఒకే స్వరంలో పాడుతుంటే సొప్రానోల్లో ఇద్దరు ముగ్గురు పైన వేరే ట్యూను, డిస్కాంట్ అంటారే, అది పాడొచ్చు. దాని వెనక 'గీతం గీతం జయ జయ గీతం' ఎత్తుకుంటే ఇక క్వయర్ వినపడనక్కర్లేదు, జనమే పాడుకుంటారు.

గుడ్ ఫ్రైడే గురించి మీరు అడగలేదు. కానీ ఏడాదంతట్లో సంగీతం ఎక్కువ జాగ్రత్తగా ఎంచాల్సింది ఆ మూడు గంటలకే. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు, వాటి మీద ఏడు ప్రసంగాలు, మధ్యలో పాటలు. ఈ పద్ధతి మన దగ్గరే కాదు. స్పెయిన్‌లో కాదిస్ అనే ఊరి వాళ్లు ఇలాంటి ఆరాధన కోసమే 1780లలో హైడన్ చేత సంగీతం రాయించుకున్నారు. గురువు ఒక మాట పలికి, దాని మీద ప్రసంగించి, దిగివచ్చి బలిపీఠం ముందు మోకరించేవాడు. అంతసేపూ వాద్యాలు మెల్లగా మోగేవి. ఒక్కొక్కటి పది నిమిషాల చొప్పున ఏడు నెమ్మది భాగాలు, వినేవాళ్లు అలిసిపోకుండా రాయడం తేలిక కాలేదని హైడనే తర్వాత రాసుకున్నాడు. అంతటివాడికే అలా ఉంటే, మనం ఒకేలాంటి ఏడ్పు పాటలు ఏడు వరసగా పెడితే నాలుగో మాటకల్లా జనం డస్సిపోవడంలో ఆశ్చర్యం లేదు.

మనకి అదృష్టం ఏమిటంటే 'ఆహా మహాత్మ హా శరణ్యా' ఉంది. దాని చరణాలు సిలువ మీది మాటల్ని వరసగా పట్టుకుని నడుస్తాయి. చాలా సంఘాల్లో ఆ పాటంతా ఒకేసారి పాడేసి పక్కన పెట్టేస్తారు. అలా కాకుండా పల్లవితో మొదలుపెట్టి, ఒక్కో ప్రసంగం అయ్యాక ఆ మాటకి చెందిన చరణం ఒక్కటే పాడించండి. క్షమించమని వేడిన చరణం సంఘమంతా పాడొచ్చు. తల్లిని శిష్యుడికి అప్పగించిన చరణం ఆడవాళ్లు మాత్రమే పాడొచ్చు, మీ స్త్రీల మైత్రి వాళ్లని ముందే అడగండి. 'నా దేవా, నా దేవా' అన్న మాట దగ్గర ఆర్గన్ పూర్తిగా ఆపేయండి, ఒక్క గొంతు చాలు. మూడు గంటల్లో ఒకే రాగం ఏడుసార్లు తిరిగి వచ్చినా విసుగనిపించదు, ప్రతిసారీ గొంతు మారుతుంది కాబట్టి. క్వయర్ విడిగా పాడాలనుకుంటే స్టైనర్ అనే ఇంగ్లిషు స్వరకర్త 1887లో రాసిన 'ద క్రూసిఫిక్షన్'లో 'గాడ్ సో లవ్డ్ ద వరల్డ్' ఉంది. యోహాను మూడో అధ్యాయం పదహారో వచనం, తర్వాతి వచనం, వాద్యాలు లేకుండా నాలుగు పార్టుల్లో. నొటేషన్ రానివాళ్లు కూడా వారానికి ఒక లైను చొప్పున విని నేర్చుకోగలరు. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. స్వరాలు వచ్చాక, అందరూ ఒకేచోట ఊపిరి తీయడం నేర్వడానికి ఇంకో మూడు వారాలు పెట్టుకోండి.

ఆ వచనాన్ని అదే ట్యూనులో తెలుగులో ఇరికించాలని మాత్రం చూడకండి. ఇంగ్లిషుకి ఊనికలు, మనకి హ్రస్వ దీర్ఘాలు. పొట్టి అక్షరం మీద ట్యూను సాగితే మాటే మారిపోతుంది. ఒక క్రిస్మస్‌కి మా క్వయర్ ఎంతో భక్తిగా దేవుని 'వారము' దిగివచ్చెనని పాడింది. కాగితం మీద ఉన్నది 'వరము'. 'వ' మీద రెండు మాత్రల స్వరం పడింది, అంతే. అనువాదం పాట తీసుకునేముందు ట్యూను మనసులో పెట్టుకుని మాటలు చదివి చూసుకోండి. 'ఓ సద్భక్తులారా', 'శుద్ధరాత్రి' లాంటివి మన నాలుకల మీద అరిగి అరిగి కుదురుకున్నాయి. కొత్త అనువాదాలకి ఆ పరీక్ష పెట్టాలి.

పెద్దలు అడిగే కీర్తనల సంగతికి వస్తాను. వాటికి కూడా నాలుగు పార్టులు కడదామని క్వయర్‌లో ఎవరో ఒకరు అంటారు. తొందరపడకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం వేసి ఉంటాయి. చూడకుండా పేజీ తిప్పేసేవాళ్లే ఎక్కువ. మీరు చూడండి. శంకరాభరణమైతే స్వరాలు పడమటి మేజర్ స్కేలువే, జాగ్రత్తగా పార్టులు కట్టినా పాట నిలుస్తుంది. మాయామాళవగౌళలో రిషభం 'సా'కి ఆనుకుని ఉంటుంది. దాని కింద మామూలు కార్డులు (కలిపి మోగించే స్వరాలు) పేర్చుకుంటూ పోతే రాగం ముఖం మారిపోతుంది, పాడేవాళ్లకి గొంతు ఎటు తిప్పాలో తెలియదు. ఆనందభైరవి లాంటిది గమకం మీద, అంటే స్వరాన్ని ఊపి పలకడం మీద, బతికే రాగం. నాలుగు పార్టులవాళ్లు నాలుగు చోట్ల గమకం వేస్తే మిగిలేది గందరగోళమే. ఇలాంటి వాటికి ఆర్గన్ మీద 'సా', 'పా' పట్టి ఉంచి అందరూ ఒకే స్వరంలో పాడండి. ఒక చరణం ఆడవాళ్లకి, ఒక చరణం మగవాళ్లకి ఇవ్వండి. మూడో వరుసలో కళ్లు మూసుకుని, పుస్తకం తెరవకుండా పాడే అమ్మమ్మలు మీ గుడిలోనూ ఉంటారు. ఆ కీర్తన వాళ్లది. అక్కడ క్వయర్ వాళ్ల వెనక నడవాలి, ముందు కాదు.

సంఘమంతా పాడే పాటలకి శ్రుతి కాస్త దించండి. పాత పుస్తకాల్లోని హిమ్స్ చాలావరకు ఎత్తుగా ఉంటాయి. ట్యూనులో అన్నిటికంటే పై స్వరం 'డి' దగ్గర ఆగేలా చూసుకుంటే పొద్దున ఎనిమిదింటికి కూడా మగవాళ్లు నోరు తెరుస్తారు.

ఇప్పుడు ఆర్గన్. మనం దాన్ని పెడల్ ఆర్గన్ అంటాం, అందుకని ఒక పొరపాటు జరుగుతుంటుంది. మీ కాళ్ల కింద ఉన్నవి గాలి తోసే తొక్కుడు బల్లలు. పైప్ ఆర్గన్ పెడల్ అంటే కాళ్లతో బేసు స్వరాలు వాయించే మెట్ల వరుస. బాక్ 'ఆర్గెల్‌బ్యూఖ్‌లైన్'లోని నలభైకి పైగా చిన్న రచనలు ఏడాదిలోని పండుగల వరసలో, ఒక్కోదాంట్లో ఒక్కో హిమ్ ట్యూను పెట్టి ఎంతో అందంగా రాసినవి. కానీ వాటికి ఆ కాళ్ల వరుస కావాలి. మీ వాద్యానికి సరిగ్గా సరిపడే పుస్తకం సేజార్ ఫ్రాంక్ అనే స్వరకర్త చివరి రోజుల్లో రాసిన 'లోర్గనిస్త్'. హార్మోనియం (అక్కడ ఆ మాటకి మీ తొక్కుడు ఆర్గన్ లాంటిదనే అర్థం) కోసమే రాసిన యాభై తొమ్మిది రచనలు. చాలావరకు చిన్నవి, రెండు చేతులకి అందేవి. ఐ.ఎం.ఎస్.ఎల్.పి. వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. క్వయర్ పాటలకి సి.పి.డి.ఎల్. అని అలాంటిదే ఇంకోటుంది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన అరవై ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. కాబట్టి కొత్త పాటల పార్టులు జెరాక్సు తీయించేముందు అనుమతి చూసుకోండి.

ఆరాధనకి ముందు ఏడెనిమిది నిమిషాలు చాలు. జనం వస్తూ, చెప్పులు విడుస్తూ, పిల్లల్ని కూర్చోబెట్టుకుంటూ ఉంటారు. వాళ్లని మెల్లగా మౌనంలోకి తీసుకెళ్లేది కావాలి. చివరి రెండు నిమిషాలు మొదటి పాట ట్యూనే నెమ్మదిగా వాయించండి, ఆ తర్వాత వాళ్లు నిలబడి పాడేటప్పుడు అది అప్పటికే చెవిలో ఉంటుంది. ముగింపులో ఆశీర్వాదం అయ్యాక మూడు నాలుగు ఊపిరులు ఆగి అప్పుడు మొదలుపెట్టండి. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలంలో ఆ చివరి సంగీతం మానేసి జనాన్ని నిశ్శబ్దంగా పంపి చూడండి. ఈస్టరు రోజు ఆర్గన్ తిరిగి మోగినప్పుడు తేడా వాళ్లకే తెలుస్తుంది.

పాటకి తోడు వాయించేటప్పుడు అలంకారాలు తగ్గించండి. 1706లో జర్మనీలోని ఆర్న్‌స్టాట్ చర్చి అధికారులు ఇరవై ఏళ్ల బాక్‌ని పిలిచి మందలించారు. పాట మధ్యలో వింత వింత స్వరాలు, సంగతులు కలుపుతున్నాడని, సంఘం కంగారు పడుతోందని. అంతకుముందు మరీ ఎక్కువసేపు వాయించేవాడని చెబితే ఆ తర్వాత మరీ తక్కువ వాయించాడని కూడా ఆ ఫిర్యాదులో ఉంది. ఆయన గొప్పతనం గురించి ఎవరికీ అనుమానం లేదు, అయినా ఆ ఫిర్యాదు న్యాయమైనదే అని నేను నమ్ముతాను. ట్యూను స్పష్టంగా వినపడాలి, చరణానికీ చరణానికీ మధ్య అందరికీ ఊపిరి తీసుకునే చోటు దొరకాలి. కీబోర్డులో దానంతట అది మోగే రిథం పెట్టకండి, అది ఎవరి ఊపిరి కోసమూ ఆగదు. ఇంకోమాట, పాత ఆర్గన్ శ్రుతి కీబోర్డు శ్రుతితో కలవకపోవచ్చు. రెండూ కలిపి వాయించాలంటే కీబోర్డులో ట్యూనింగ్ సర్దుకోండి. ఏదైనా స్వరం పలకకపోతే దాని రీడులో (గాలికి కంపించి పలికే రేకులో) దుమ్ము చేరి ఉంటుంది. తెలిసినవాళ్ల చేత తీయించి మెత్తని కుంచెతో తుడిపిస్తే చాలాసార్లు అదే పలుకుతుంది.

యూత్ అడిగే పాటలకి తలుపు మూయకండి. మనం ప్రతి క్రిస్మస్‌కీ పాడే 'దూత పాట పాడుడీ' ట్యూను మెండెల్‌సన్ 1840లో అచ్చుయంత్రం నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి రాసింది. అది దైవ సంబంధమైన మాటలకి పనికిరాదని ఆయనే అన్నాడు. 1855లో ఒక ఇంగ్లిషు ఆర్గనిస్టు ఆ ట్యూనుని చార్లెస్ వెస్లీ మాటలకి కూర్చాడు, ఇక అది లేకుండా ఎవరికీ పండగ లేదు. కాబట్టి ట్యూను ఎక్కడినుంచి వచ్చిందని కాదు చూడాల్సింది. మాటలు విడిగా కాగితం మీద రాయించి అయ్యగారితో కలిసి చదవండి. తర్వాత కరెంటు లేకుండా, చప్పట్లు కూడా లేకుండా ఒకసారి పాడించండి. అప్పటికీ పాట నిలబడితే తీసుకోండి. నెలకి ఒకటి చాలు: మొదటి ఆదివారం కానుక వేళ క్వయర్ పాడాలి, రెండో వారం పల్లవి సంఘం అందుకోవాలి, మూడో వారం అందరూ పాడాలి.

చివరిగా మీ మాస్టారి దగ్గరికి ఒక సాయంత్రం వెళ్లండి, మీ గుడి పాటల పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఏ పాట మీ సంఘానికి వచ్చు, ఏది పుస్తకంలో ఒకలా ఉండి మీ ఊళ్లో ఒకలా పాడతారు, ఏ పాట ఎవరి సమాధి కార్యక్రమంలో పాడారు కాబట్టి ఆ కుటుంబం ముందు ఎప్పుడు పాడాలి, ఎప్పుడు పాడకూడదు, ఇవన్నీ ఆయనకి తెలుసు, ఇంకెవరికీ తెలియవు. పేజీ అంచుల్లో పెన్సిలుతో రాయించుకోండి. క్వయర్ నడపడం ఆయన వల్ల కాకపోవచ్చు, పాడటం ఆయన మానుకున్నట్టు మీ ఉత్తరంలో లేదు. వచ్చి మగవాళ్ల వరుసలో నిలబడతారేమో అడగండి. బేసులు ముగ్గురవుతారు.